ఏడు కళ్ళ లెక్క

ఫారంలో గడులు మూడే.
తేదీ. మడుగు పేరు. మొసళ్ళ సంఖ్య.
కళ్ళకి గడి లేదు.

టార్చిని మన కంటి పక్కనే పెట్టుకుని
నీళ్ళ మీదకి ఏటవాలుగా పట్టాలి.
అప్పుడు లేస్తాయి ఎర్రగా,
చీకట్లో ఎవరో కూర్చుని పీలుస్తున్న చుట్టల్లా,
జంటలు జంటలుగా.
లెక్కపెట్టి రెండుతో భాగించడమే నా ఉద్యోగం.
దినకూలి వాచర్ని. నాలుగు నెలల కూలి రావాలి.

నిన్న రాత్రి ఏడొచ్చాయి.

వైశాఖంలో వంశధార ఏరు కాదు,
ఏరు పడుకుని లేచి వెళ్ళిపోయిన పక్క.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిస్తే
అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి.
ఆ ఇసుక మధ్యలో, రాతివంపు కింద,
ఎవరో తాగడం మరిచిపోయిన గ్లాసులో నీళ్ళలా
గుడ్డిమడుగు.
వల రెండుసార్లు విసిరితే అయిపోతుంది.
ఎగువన ఇసుక, దిగువన ఇసుక,
చాలా అవతల గేట్లు, గేట్ల వెనక నీళ్ళు.
ఆ నీళ్ళు కాలవవి.

ఈ మొసళ్ళు ఎక్కణ్ణించీ వచ్చినవి కావు.
ఏరు వెనక్కి తగ్గినప్పుడు ఇవి తగ్గలేదు, అంతే.
సంబంధం కలుపుకుందామన్నా బయటివాళ్ళు లేరు,
మేనరికాలు కూడా అయిపోయి
ఇప్పుడు అందరూ అందరికీ తోబుట్టువులే.
పుట్టేది ఆడో మగో తేల్చేది
గుడ్డు చుట్టూ ఉన్న ఇసుక వేడి.
ఆ ఇసుకేమో ట్రాక్టర్లెక్కి పోతోంది.

మొన్న చైత్రంలో ఆమదాలవలసలో
ఎవరి మేడకో స్లాబు వేస్తుంటే
ఇసుక జల్లిస్తున్న ఆడమనిషికి
జల్లెడలో ఒక గుడ్డు మిగిలింది. పగల్లేదు.
బాతుదనుకుని కొంగున కట్టుకుపోయింది.
ఆ తర్వాత కథ నాకు తెలీదు.
స్లాబు మాత్రం గట్టిగా పడిందట.

దాలమ్మ ఏటి ఇసుకలో దోసపాదులు పెడుతుంది.
చెలమ తవ్వి, చెంబుతో తోడి పోస్తుంది.
కిందటేడు ఆమె మేకని మొసలి లాక్కుపోయింది.
చూలు మేక. మెడకి ఎర్ర పీలిక.
నష్టపరిహారం అర్జీ నేనే రాశాను.
శ్రీకాకుళం వెళ్ళిన కాగితం ఇంకా తిరుగు బస్సెక్కలేదు.
అప్పట్నుంచి ఆమె నాతో మాట్లాడదు,
మొసలితో మాట్లాడుతుంది.
పొద్దున్నే మడుగు గట్టున నిలబడి
దాని ఏడుతరాల్నీ తిట్టి
అప్పుడు పాదులకి నీళ్ళు పోస్తుంది.

నిన్న లెక్క మధ్యలో ఇంజను మోగింది.
బుగత గారి అరటితోట కోసం
మడుగు గొంతులోకి ఆరంగుళాల పైపు.
తెల్లారేసరికి బురదే మిగులుతుంది,
బురదలో ఎండకి పగిలే నాలుగు దుంగలు.
రేంజరు గారికి ఫోను చేశాను. అందలేదు.
మళ్ళీ చేశాను.
తర్వాత బీడీ వెలిగించాను.
అది కూడా రాయాలి కదా.

ఈలోగా చీకట్లోంచి దాలమ్మ వచ్చింది,
చీర మోకాళ్ళ పైకి దోపి
ఆ నీళ్ళలోకే, ఆ కళ్ళ మధ్యలోకే దిగి
పైపు మూతిని భుజానికెత్తుకుని బయటకి లాగింది.
ఇంజను గాలి మింగి, దగ్గి, ఊరుకుంది.

గట్టు మీంచి కంబారి అరిచాడు:
"నీకేటే దానితోటి? నీ మేకనే గదా తిన్నాది?"

"తిన్నాది గాబట్టే.
అది నాకు బాకీ ఉన్నాది.
బాకీ తీరకుండా ఎలగ సావనిస్తానురా?"

నీళ్ళు సద్దుమణిగాక మళ్ళీ టార్చి పట్టాను.
ఏడే.
ఒంటికన్నుది ఆమెకి బారెడు దూరంలో ఉంది.
అది కదల్లేదు. ఆమె కూడా,
కొంతసేపు.

మూడని రాస్తే ఒకటి చచ్చినట్టు.
నాలుగని రాస్తే కన్నొకటి దొంగలెక్క.
గడి పక్కన ఖాళీలో పెన్సిలుతో రాశాను:
కళ్ళు ఏడు. మొసళ్ళు నాలుగు.
బాకీ, ఒక చూలు మేక.
సాక్షికి చోటు లేకపోయినా
దాలమ్మ చేత వేలిముద్ర వేయించాను.

బొటనవేలికి మడుగు బురద ఇంకా తడిగానే ఉంది.
సిరా అక్కర్లేకపోయింది.