ముప్పై ఆరో బల్బు

రాత్రి పదిన్నర. గిరింపేట మలుపులో
వెదురు గడల నెమలి
మెడ దాకా వెలిగి ఆగిపోయింది.
టీ అంగడి కాడ ఎవరో అన్నారు:
"నెమిలికి గొంతు పట్టేసినట్టుండాదే!"
నవ్వారు. నేనూ నవ్వాను, నిచ్చెన భుజానేసుకుని.

జాతర ఎల్లుండి.
మే నెల వాన, మామిడికాయల లారీల వెనకే వచ్చి
చెప్పాపెట్టకుండా తడిపి పోయింది.

చెంగల్రాయుడు మామ కాలంలో
ఈ పని ఒక కొయ్య డ్రమ్ము చేసేది.
డ్రమ్ము చుట్టూ రాగి రేకు,
కత్తెరతో తీర్చిన మెట్లు, పళ్లు, సందులు.
మోటారు తిప్పుతుంటే రేకు తగిలిన చోట దీపం,
సందు వచ్చిన చోట చీకటి.
చక్రం తిరిగేది. ఏనుగు తొండమెత్తేది.
రేకు మీద నిప్పురవ్వలు చిటపటలాడేవి.
బల్బులకి రంగు కాగితం తొడిగేవాళ్లు,
ఎరుపంటే ఎరుపే, తెల్లారే దాకా.
మామ వేళ్ల మీద ఆ రేకు గాట్లు ఇంకా ఉన్నాయి.

నా దగ్గర డ్రమ్ము లేదు. అగ్గిపెట్టంత పెట్టె ఉంది.
లోపల అన్నీ అంకెలు.
ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత,
సున్నా నుంచి రెండొందల యాభై అయిదు దాకా
ఒక్కో బల్బుకి మూడు.
కమిటీ ఆయన "అమ్మోరి పసుపు కావాల" అన్నాడు.
ఊరికే పసుపు కాదు, అమ్మోరి పసుపు.
రెండు రాత్రులు కూర్చున్నా.
ఆకుపచ్చ ఎక్కువైతే నిమ్మకాయ,
తక్కువైతే కనకాంబరం.
చివరికి మా అమ్మ పాదాల పక్కన దండ పరిచి
చూసి చూసి పట్టుకున్నా.
నీలం సున్నా. అక్కడే ఉంది కిటుకంతా.

ఈ బల్బులకో మర్యాద ఉంది.
అంకెల మూట మొదటిదాని చేతికొస్తుంది.
అది తన మూడూ తీసుకుని
మిగతాదంతా పక్కదానికి అందిస్తుంది.
రెండోది తన మూడు. మూడోది తన మూడు.
పెళ్లి పంక్తిలో అన్నం గంప చేతులు మారినట్టు.
ఎవరూ మారు వడ్డించుకోరు.
కరెంటు అట్లా కాదు, దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది,
తోక దగ్గర తెలుపు ఎర్రబడుతుంది,
నడుమ ఇంకో తీగతో సత్తువ పోయాలి.
ఇది మామకి నేను చెప్పక్కర్లేదు.

జిలానీ నిచ్చెన పట్టుకున్నాడు.
"ముప్పై ఏడోది సచ్చిపోయినాదక్కా, అది మార్చెయ్."
మార్చాను. చీకటే.
దాని పక్కది మార్చాను. చీకటే.
గడల మీది వాన నీళ్లు మోచేతి నుంచి చంకలోకి.
కింద ప్లాస్టిక్ కుర్చీలో మామ,
కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకుని,
ఈ అంకెల సంగతి ఒక్క ముక్క తెలీనాయన,
"వెలిగేదాన్ని చూసినావా మే?" అన్నాడు.

చూడలేదు.
వెలిగేదాన్ని ఎవరు అనుమానిస్తారు?
ముప్పై ఆరు. నిండు నీలం. రవ్వంత వణుకు లేదు.
తన మూడంకెలూ తీసుకుంది, సుఖంగా ఉంది.
అవతలి కాలు మాత్రం చిలుము పట్టి
మిగతా మూట దాని నోట్లోనే ఉండిపోయింది.
కత్తిరించాను. కొత్తది అతికాను.
సీసం పొగ కంట్లోకి. గమ్ము పూసి ఊదాను.

నెమలి ఒక్కసారిగా విప్పలేదు.
భుజం, వీపు, తర్వాత ఒక్కో ఈక కన్ను,
పేర్లు పిలుస్తుంటే లేచి నిలబడినట్టు.
టీ అంగడాయన గ్లాసు కడగడం ఆపాడు.
"తోక కొసన ఒకటి తగ్గినాది," అన్నాడు మామ,
నల్లద్దాల్లోంచే.

ఇంటికొచ్చి ఆ ముప్పై ఆరోదాన్ని
విడిగా పెట్టి చూశాను.
బ్రహ్మాండంగా వెలిగింది.
పారేయబుద్ధి కాలేదు.
మర్నాడు తోక కొసన పెట్టాను,
దాని తర్వాత
అందుకోవాల్సిన వాళ్లెవరూ లేని చోట.