ఇంజను వెచ్చగా ఉంది

ఖాదర్‌వలీ మొదట చెప్పింది ఇదే:
"పాతబండి చూడబోతే మాటలు కలపొద్దు,
ముందు ఇంజను మీద చెయ్యి పెట్టు.
వెచ్చగా ఉంటే తిరుక్కోని వచ్చేయ్.
నువ్వు రాకముందే కొట్టి పెట్టినారంటే
చల్లగున్నప్పుడు అది మొరాయిస్తాదని."

మురకంబట్టు దాటినాక
బెల్లం గానుగ పక్క సందు.
రేకుల కొట్టంలో యెజ్డీ.
మెరూన్ కాదు, కాచు రంగు కాదు,
ఆ రెండిటి నడుమ ఎక్కడో
నలభై ఏండ్లు ఎండిన రంగు.

చెంగల్రాయులు నులకమంచం మీంచే
కట్టు కట్టిన మోకాలు చూపించి
"నేను లేచేది లేదు, నువ్వే చూసుకో నాయనా" అన్నాడు.

జేబులోంచి అయస్కాంతం తీసినాను,
చెడిపోయిన స్పీకర్లోంచి పెరికింది.
ట్యాంకు కుడిపక్క టక్కున అతుక్కుంది.
ఎడమపక్క అరచేతి మేర
జారి కిందపడింది.
అక్కడ ఇనుము లేదు, లప్పం.
"మొగిలి ఘాట్లో చింతపండు లారీ" అన్నాడు మంచం మీంచి,
"దాచేదానికేముంది?"
మనసులో రెండువేలు తగ్గించుకున్నాను.

స్పానరుతో స్పోకులు మీటుకుంటా పోయినాను.
ముందు చక్రమంతా ఒకటే శ్రుతి.
వెనక చక్రంలో మూడు మూగవి.
క్యారియరుకు అటూ ఇటూ
పెయింటు లేచిపోయి రేకు తెల్లగా మెరుస్తా ఉంది,
పాలక్యాన్లు రోజూ రాసుకున్న చోట.
పుస్తకంలో నంబరు, ఛాసిస్ మీద నంబరు
గ్రీజు తుడిచి కలుపుకున్నాను.
ఒక ఏడు మాత్రం ఒకటిలాగుంది.
దేశమ్మ కొంగుతో ఇంకోసారి తుడిచింది.
ఏడే.

ఇంత చూసి,
మొదట చెయ్యాల్సింది చివర్న గుర్తొచ్చింది.
ఇంజను రెక్కల మీద చెయ్యి పెట్టినాను.

వెచ్చగా ఉంది.

లేచి చేతులు దులుపుకుని
చిత్తూరుకు బస్సు ఎన్నింటికని అడిగినాను.

దేశమ్మ నవ్వలేదు, కోపం చేసుకోలేదు.
"నీకోసరం కొట్టలేదు సామీ" అని
కొట్టం వెనక్కి చెయ్యి చూపించింది.
అక్కడొక ఎనుము
నెమరేసుకుంటా నన్ను పైనుంచి కిందికి చూస్తా ఉంది,
బేరానికి వచ్చింది అదే అయినట్టు.

"ఉగాదికి దూడ చచ్చిపోయింది.
గడ్డిదూడ కట్టి పెడితే మూతి తిప్పుకునింది.
ఈయప్ప పాలకేంద్రానికని బండి కొట్టినాడు చూడు,
ఆ శబ్దానికి చేపింది.
అప్పట్నించీ అంతే.
ఈయప్ప మోకాలు పోయినాక నేనే,
తెల్లారి ఐదింటికి, చీర ఎగజెక్కి."

చల్లారేదాకా కూర్చోమన్నారు.
రాగి అంబలి, నంజుకోను ఎర్రగడ్డ.
గానుగ దగ్గర పొయ్యి రాజేసినారు,
చెరుకు పిప్పి పొగ సందులోకి వచ్చింది.
మళ్ళీ చెయ్యి పెడితే
కుండలో నీళ్ళంత చల్లగుంది.

గేరు కడ్డీనే వెనక్కి తిప్పి కిక్కు చేసి
దేశమ్మ ఒకటి కొట్టింది. దగ్గు.
రెండోది, అదీ లేదు.
మూడోదానికి రెండు సైలెన్సర్లూ నోరు తెరిచి
నీలం పొగ కొట్టమంతా.
డప్ డప్ డప్ డప్.
వెనక ఎనుము చెవులు ఇటు తిప్పింది.
పొద్దున్నే పిండేసినారు, అయినా
రెండు చుక్కలు, పొదుగు కింద గడ్డి మీద.

ఫోన్లో ఆ శబ్దం పట్టి ఇస్తానన్నాను.
పట్టి, బండి ఆపి, వినిపించినాను కూడా.
ఎనుము ఈగను తోలుకునింది.

లప్పానికి రెండువేలు తగ్గించమంటే
"పదహైదు నూర్లు" అన్నాడు చెంగల్రాయులు.
సరేనన్నాను. అడ్వాన్సు ఐదువేలు.
బండి మాత్రం అక్కడే,
ఎనుము వట్టిపోయేదాకా.
అది ఎప్పుడని ఖాదర్‌వలీ అడుగుతాడు.
ఎనుమును అడగమంటాను.

వచ్చే ఆదివారం పోవాల,
మూడు స్పోకులు కొనుక్కుని.