హొరమావులో ఒక లెక్క

ఏడాదికి మూడున్నర శాతం అన్నాడు లోహిత్,
మెట్రో వస్తే నాలుగు.
కాలిక్యులేటర్ నా వైపు తిప్పాడు.

గేటు పక్క ఇస్త్రీ బండి మునెయ్య
కుప్పం యాసలో వేరే లెక్క చెప్పాడు:
రెండో అంతస్తు చొక్కాలు
ఉగాది నుంచి మూడుసార్లు మారినాయి సార్.
కొలతలు వేరే, కాలర్ల మురికి వేరే.
ఎవురూ నిలవరు.
ట్యాంకరు రాని వారం
బట్టలే రావు.

వానకి నీళ్లు ఎంతవరకు?
బండి చక్రం మీద గీత చూపించాడు,
నా మోకాలి ఎత్తు.

లోహిత్ ఫోన్‌లో ఎవరికో
ప్రైమ్ లొకేషన్ అంటున్నాడు.

పెట్టె తెరిచి, బొగ్గు ఊది,
తల ఎత్తకుండానే అడిగాడు మునెయ్య:
మీరు కొంటే,
బండి ఈడనే ఉండనిస్తారా?

జేబులో అడ్వాన్సు చెక్కు
చెమటకి మెత్తబడింది.