సిగ్నల్ పోయినంక

ఆరు రోజులు గడియారం సెంటర్ల
కంటికి భూతద్దం పెట్టుకొని
ఆగిన వాచీలకు నడక నేర్పుత.
ఏడో రోజు పానగల్లు కట్ట మీద
గాలి ముందర నేనే ఆగిపోత.

మేం ముగ్గురం.
జానీమియా పడవకు చాప, చినిగిన గొడుగుబట్ట.
ఆయన కుట్టు కుడితే గాలికి సుత అతుకు దొరకదు.
మట్టయ్య లైన్‌మెన్ చేసి రిటైరైండు,
పాత బ్యాటరీల సీసం కరగబోసి
పడవ అడుగున బరువు కట్టిండు.
అన్నం గిన్నె ఖరాబైందని ఇంట్ల
ఇప్పటికీ మాటపడ్తడు.
నా పడవకు స్తంభం గాలపు కర్ర.
చుక్కాని తిప్పే మోటారు
రిపేరుకిచ్చి ఎవరూ తిరిగి రాని
ఒక బొమ్మకారుది.

రోయిణి కార్తె. ఫోన్ల సూర్యుడి బొమ్మ.
మట్టయ్య ఫోను నమ్మడు.
తూము కాడ తుంగ ఎటు వంగిందో చూస్తడు,
మెడ మీద చెమట ఏ పక్క సల్లబడ్డదో చూస్తడు,
"నాలుగింటికి తూర్పు నుంచి కొడ్తది" అంటడు.
మూడుంబావుకు
లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు నుంచి కొట్టింది.
"టైమూ దిక్కూ తప్ప అంతా కరెక్టే"
అన్నడు జానీమియా, చాప వదులు చేసుకుంట.

నీళ్లు మొదలు కోడిపిల్ల బొచ్చు లెక్క లేచినయ్,
చూస్తుండంగనే రంపం పండ్లయినయ్.
మట్టయ్య పడవ పక్కకు ఒరిగి పండింది,
సీసం లేపింది.
మళ్ల పండింది, మళ్ల లేపింది.
"చూసినవా, గిన్నె ఉత్తగ పోలే"
ఇంటికి చెప్పాల్సిన మాట నీళ్లకు చెప్పిండు.

నాది దూరం పోయింది.
సిగ్నల్ తెగింది.
రిమోట్ మీద ఎర్రబుగ్గ ఒక్కటే మిణుకుమంటున్నది.
బొటనవేళ్లు మాత్రం ఆడుతనే ఉన్నయ్
ఎడమకు, కుడికి, చాప బిగువు, చాప వదులు.
నడవని వాచీని చెవి కాడ పెట్టుకొని వినేటోళ్లను చూసి
ఎన్నిసార్లు నవ్విననో.

అదైతే పోతనే ఉన్నది.
చుక్కాని ఆగిన కాడ ఆగినట్టే,
చాప సగం వదిలింది వదిలినట్టే,
గాలి గట్టిగైతే కొంచెం తల తిప్పుకుంట
సల్లబడితే మళ్ల దారికొచ్చుకుంట.
నేను నడిపినన్ని రోజులల్ల
ఒక్కనాడు అంత సక్కగ నడవలే.
నాకు కోపమొచ్చింది. కొంచెమే.

చింతగింజలంత చినుకులు.
గుట్ట వెనుక మెరుపు.
"ఏరియల్ ముడువు!" మట్టయ్య ఒర్రిండు.
"ముప్పై ఏండ్లు స్తంభాలెక్కిన,
దానితోటి పరాచికాలొద్దు."

పొద్దుగూకంగ పోశాలు
థర్మాకోల్ తెప్ప మీద వల చుట్టుకొని వచ్చిండు,
కాళ్ల సందుల నా పడవ.
"ఆవలొడ్డు తుమ్మకొమ్మకు తట్టుకొని
ఇంకా పోవాల్నని కొట్టుకుంటుండె.
మనిషి లేడు, ఇంజన్ లేదు,
ఎట్ల పోయిందన్నా అంత దూరం?"

రిమోట్ చూపెడదామని తీసి
మళ్ల జేబుల వేసుకున్న.
"గాలికే" అన్న.

తడిసిన మోటారు బియ్యంల పెట్టిన.
ఇంట్ల దానికీ మాటపడ్డ.
సోమవారం పొద్దుగాల ఒక లెక్కల సారు
చేతి వాచీ ఇప్పి బల్ల మీద పెట్టిండు:
"రోజుకు రెండు నిమిషాలు ముందుకురుకుతుంది."
ఉరకనీయి సార్ అనబోయి
భూతద్దం తీసి
తుడుచుకుంట కూసున్న.