రబ్బరు బ్యాండు

సోహార్‌లో, పైపుల యార్డు వెనక ఆఫీసులో
నెలకోసారి నేనొక అబద్ధం టైపు చేస్తాను:
గడ్డం రాజలింగు, ఫస్టు క్లాసు వెల్డరు,
జీతం మూడు వందల అరవై రియాళ్లు.
అంతకు ఒక్క బైసా తగ్గినా వీసా నిలవదు.

అబద్ధమని ఎలా అంటాను?
బ్యాంకులో నిజంగానే పడతాయి.
రాజలింగు ఫోను టింగుమంటుంది.
గ్లౌజు పళ్లతో లాగి చూసుకుంటాడు
మూడు, ఆరు, సున్నా.
ఆ ఒక్క పూటా రూలు ప్రకారం బతుకుతాడు.

సాయంత్రం ఫోర్‌మన్ నా సొరుగు తెరుస్తాడు.
నలభై ఒక్క ఏటీఎం కార్డులు, ఒకే రబ్బరు బ్యాండు.
అన్నిటికంటే అడుగున నాది.
పెట్రోలు బంకు పక్క మిషనులో
పేకముక్కల్లా ఒక్కోటీ వేస్తాడు, తీస్తాడు.
రెండు వందల పది కంపెనీకి వాపసు.
మిగిలింది కవర్లో.
కవరు మీద పేరు నా చేతిరాత.

నిన్న రాజలింగు వచ్చి అడిగింది జీతం గురించి కాదు.
"సార్, జర ఆ జీతం కాగితం తీసిస్తరా?
మెట్‌పల్లిల బ్యాంకోడు లోనుకు అడుగుతుండు.
కాగితంల నేను మంచిగనే ఉన్న గద."

తీసిచ్చాను.
ముద్ర కూడా వేశాను, రెండుసార్లు.
మొదటిది సరిగా పడలేదు.