ఆరో రీలు

గూడ్సులో వచ్చిన డబ్బాలు ఐదే.
ఆరోది వాల్తేరు స్టేషన్లో దిగలేదు.
పార్సిలు గుమస్తా పుస్తకం తిప్పి తిప్పి
"రాసింది ఆరు, వచ్చింది ఐదు, సంతకం పెట్టు" అన్నాడు.
పెట్టాను.
అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు,
పాత ఊళ్ళో టాకీసులో కార్బన్ కడ్డీలు మార్చే కుర్రాణ్ణి.

ఐరోపాలో ఏ దేశందో సినిమా.
మంచు, గుర్రబ్బండి, కొండ మీద కోట,
పగలంతా శవపేటికలో పడుకునే దొర.
మాటలు మాకెవరికీ తెలీని భాష.
కింద ఇంగ్లీషు అక్షరాలు
సగం తెర మీద, సగం గోడ మీద.

పోస్టరు అల్లిపురం తాతబాబు గీశాడు.
దొర మొహం తనెప్పుడూ చూడలేదు కనక
ఇంటి ఓనరు మొహం పెట్టి కోరలు తగిలించాడు.
ఉప్పుగాలికి రెండోరోజుకే
పెదాల ఎరుపు గడ్డం దాకా కారింది.
జనం అది చూసే వచ్చారు.

మొదటి ఆటంతా నవ్వులు.
వెల్లుల్లి దండకి దొర వెనక్కి గెంతితే
బెంచీల్లోంచి ఒకావిడ,
"ఓలమ్మో, మా ఇంటికొస్తే గుమ్మంలోనే సస్తాడు,
సేపల పులుసులో ఎన్ని రెబ్బలేస్తానో!"
అద్దంలో వాడి బొమ్మ కనబడకపోతే
"మంగలి డబ్బులు మిగిలాయిరా" అన్నాడింకొకడు.
మేనేజరు గవరయ్య గేటుకి
నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు,
దయ్యానికి కాదు, కలెక్షనుకి దిష్టి తగలకుండా.

రెండో ఆటకి
పెద్దాసుపత్రి దగ్గర రక్తం అమ్ముకునేవాళ్ళు
నలుగురొచ్చారు.
పొద్దున సీసాకిచ్చిన డబ్బుల్లో
ఇడ్లీకి పోను మిగిలింది నేల టిక్కెట్టు.
మోచేతి మడతల్లో దూది ఇంకా అంటుకునే ఉంది.
వాళ్ళు నవ్వలేదు.

తెర మీద పిల్ల తెల్లగా పాలిపోయి
కిటికీ పట్టుకుని తూలుతుంటే
ఒమ్మి ఎర్నాయుడు లేచి నిలబడి
"అలగే ఉంటాది. సెవుల్లో ఈగ తిరిగినట్టుంటాది.
ఓ బెల్లం ముక్కెట్టండ్రా ఆ గుంటకి" అన్నాడు,
మాతో కాదు, తెరతో.

బాల్కనీలో జ్ఞానాపురం ఎలీశమ్మ సిస్టరు.
ఎర్నాయుడికి సూది గుచ్చే చెయ్యి ఆవిడదే.
సిలువ చూసి దొర మొహం కప్పుకున్నప్పుడు
ఆవిడ తన మెడలోదాన్ని కొంగు కింద దాచింది.
ఎందుకో
నాకిప్పటికీ తెలీదు.

ఐదో రీలు చివర.
కోట మీద తెల్లారబోతోంది.
పేటిక మూత తీశారు.
ముసలి డాక్టరు మేకు ఆనించాడు, సుత్తి ఎత్తాడు,
తెర తెల్లగా అయిపోయింది.

ఈలలు. మూడు కుర్చీలు విరిగాయి.
"సంపండ్రా ఆణ్ణి!"
గవరయ్య తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు.
"బాబూ, ఆడి సావు రైల్లో ఉంది,
సోమారానికల్లా వచ్చీస్తాది."

రాలేదు.
పదకొండు రోజులు హాలు నిండింది,
చచ్చాడో లేదో చూసిపోదామని.
రిక్షా స్టాండు దగ్గర రోజుకో ముగింపు:
సముద్రంలో తోసేశారని ఒకడు,
పెళ్ళాడి బుద్ధి తెచ్చుకున్నాడని ఒకడు,
హార్బర్లో కలాసీగా చేరాడని ఒకడు.

ఆఖరి రోజు మెట్ల దగ్గర
ఎర్నాయుడు నన్నాపి అడిగాడు:
"ఆ దొర తాగిన రగతానికి డబ్బులిచ్చీవోడా?"
సినిమాలో అలా చూపించలేదన్నాను.
"మరదే" అని బీడీ వెలిగించుకుని
కురుపాం మార్కెట్ వైపు వెళ్ళిపోయాడు.

వానాకాలం వెళ్ళేసరికి
ఆ నలుగురూ ముగ్గురయ్యారు.
తగ్గిందెవరో నేను అడగలేదు.

టాకీసు పోయింది. అక్కడిప్పుడు
సెల్‌ఫోన్ కవర్ల దుకాణాలు.
ఆ ఆరో డబ్బా ఏ షెడ్డులోనో
తుప్పు పట్టి ఉంటుంది,
లోపల డాక్టరు సుత్తి ఇంకా దిగకుండా.

నిన్న డాబాగార్డెన్స్ ల్యాబులో
నర్సమ్మాయి చేతికి రబ్బరు కట్టి
"పిడికిలి బిగించండి తాతగారూ" అంది.
గొట్టంలోకి ఎరుపు ఎక్కింది, మెల్లగా.
"ఎంత తీస్తావమ్మా?"
"కొంచెమే. అయిపోయింది."
దూది పెట్టి చెయ్యి మడిచింది.
బిల్లు నాలుగొందలు, నేనే కట్టాను.
లేచేముందు
బెల్లం ముక్కేమైనా ఉందా అని అడిగితే
ఆ పిల్ల నవ్వి, షుగరు రిపోర్టు రానీండి అంది.