అతిథేయి: తెలియదు

తలకోన దారిలో, సబ్బునీళ్ళ పసుపు పళ్ళెంలో
పడింది. ఆడది. ఒక్కటే.
నువ్వుగింజలో సగం లేదు.

కాళ్ళు తేనెరంగు. నడుము దారప్పోగు.
గుడ్లు పెట్టే సూది మాత్రం ఒంటికన్నా పొడుగు.
తిరుపతి ఎండకు కిటికీలు మూసి
మూడు మధ్యాహ్నాలు
సూక్ష్మదర్శిని కింద రెక్కల ఈనెలు చూశాను.
ఏ పుస్తకంలోనూ లేని వంపు ఒకటి
మిగిలింది.

కందిరీగ రొద వినీవినీ
పురుగే కందిరీగవుతుందని అయ్యవారు చెప్పేవారు.
అవదు అయ్యవారూ.
లోపల్నుంచి ఖాళీ అవుతుంది.

పళ్ళెంలో నీళ్ళు మార్చే మునెక్క అడిగింది:
"పేరెందుకు సామీ దీనికి?
అడివిలో ఎవురు పిలస్తారు?"

చీటీ మీద ఊరు రాశాను, తేదీ రాశాను.
పేరు రేపు.
అతిథేయి అన్న గడిలో మాత్రం,
ఇన్నాళ్ళూ తన ఒళ్ళే ఇల్లుగా ఇచ్చి
అన్నమూ తానే అయినదెవరో,
తెలియదు అని రాశాను.